వర్చువల్ మెషీన్‌కు బాహ్య పరికరాల అనుసంధానం: డిజిటల్ సంతకపు టోకెన్ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒకే డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఏకకాలంలో నడపడానికి వర్చువల్ మెషీన్ తోడ్పడుతుంది. ప్రాసెసర్, మెమరీ, డిస్క్ వంటి వనరులను రెండింటికీ పంచవచ్చు. యూఎస్‌బీ ద్వారా అమర్చే బాహ్య పరికరం సంగతి వేరు. దానిని పంచడం కుదరదు. ఒక వ్యవస్థ నుండి మరొక వ్యవస్థకు అప్పగించవలసి ఉంటుంది. ఈ అప్పగింత ఎలా జరుగుతుందో, ఎక్కడ విఫలమవుతుందో, దాని పర్యవసానాలేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాద్ పశ్చిమ భాగంలోని తెల్లాపూర్ వంటి ప్రాంతాల్లో ఇంటి నుండే వృత్తి నిర్వహించేవారు వాడే డిజిటల్ సంతకపు టోకెన్‌ను ఉదాహరణగా తీసుకొని, సాంకేతికమైన అప్పగింతకూ చట్టపరమైన బాధ్యతకూ ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వర్చువల్ మెషీన్, యూఎస్‌బీ, ఆతిథేయ వ్యవస్థ, అతిథి వ్యవస్థ, డిజిటల్ సంతకం, టోకెన్, స్నాప్‌షాట్, తెల్లాపూర్.

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలానికి చెందిన తెల్లాపూర్ ఒకప్పుడు పొలాల మధ్య ఉన్న గ్రామం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత సమాచార సాంకేతిక పరిశ్రమ హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌ల మీదుగా పడమటికి విస్తరించింది. ఆ విస్తరణతో తెల్లాపూర్ బహుళ అంతస్తుల నివాస సముదాయాల ఊరుగా మారింది. 2020లో కోవిడ్ కారణంగా ఇంటి నుండి పనిచేయడం మొదలయ్యాక ఇక్కడి ఎన్నో ఇళ్ళలో ఒక గది కార్యాలయంగా స్థిరపడింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులతో పాటు పన్ను సలహాదారులు, గుత్తేదారులు, చిన్న సంస్థల నిర్వాహకులు కూడా ఇంటి బల్ల మీదే పని సాగిస్తున్నారు.

ఇటువంటి చోట ఒకే కంప్యూటర్ రెండు రకాల అవసరాలను తీర్చవలసి వస్తుంది. సాఫ్ట్‌వేర్ పనికి లైనక్స్ లేదా మ్యాక్ అనుకూలం. టెండర్లు దాఖలు చేయడానికి, కంపెనీ పత్రాలపై సంతకం చేయడానికి వాడే కార్యక్రమాలు ఎక్కువగా విండోస్‌ను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. ఇంకొక కంప్యూటర్ కొనడానికి బదులు, ఉన్నదానిలోనే వర్చువల్ మెషీన్‌గా విండోస్‌ను నడపడం సహజమైన పరిష్కారం. అంతవరకు చిక్కు లేదు. చిక్కంతా సంతకపు టోకెన్‌ను యూఎస్‌బీ రంధ్రంలో పెట్టినప్పుడు మొదలవుతుంది. దాని దీపం వెలుగుతుంది, అసలు కంప్యూటర్ దానిని గుర్తిస్తుంది. వర్చువల్ మెషీన్‌లోని విండోస్‌కు మాత్రం అది కనిపించదు. టెండరు గడువు ముగియడానికి గంట ముందు ఈ పరిస్థితి ఎదురైతే అది గుత్తేదారు జీవనోపాధికి సంబంధించిన సమస్య అవుతుంది.

టోకెన్ ఎందుకు కనిపించదు? కనిపించేలా చేసినప్పుడు యంత్రంలో ఏమి మారుతుంది? ఆ మార్పుతో టోకెన్ యజమాని బాధ్యతలో ఏమి మారుతుంది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆతిథేయి, అతిథి: పరిభాషా నేపథ్యం

అసలు కంప్యూటర్‌పై నేరుగా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆతిథేయ వ్యవస్థ అనీ, దానిలో వర్చువల్ మెషీన్‌గా నడిచేదానిని అతిథి వ్యవస్థ అనీ ఈ వ్యాసంలో వ్యవహరిస్తున్నాను. వాడుకలో వీటిని హోస్ట్, గెస్ట్ అంటారు. రెండింటి మధ్య నిలిచి వనరులను పంచే కార్యక్రమం హైపర్‌వైజర్. డెస్క్‌టాప్‌లపై విస్తృతంగా వాడుతున్న వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వర్క్‌స్టేషన్, లైనక్స్‌లోని కేవీఎం ఈ కోవకు చెందినవే.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం సంస్థ 1960ల దశకంలోనే పెద్ద కంప్యూటర్లపై దీనిని ప్రయోగించి, 1972లో వీఎం/370 పేరుతో విడుదల చేసింది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ దీనికి సిద్ధాంత రూపం ఇచ్చారు. వారు చెప్పిన మూడు లక్షణాలలో ఒకటి ఈ వ్యాసానికి ప్రధానం: వనరులన్నింటిపై పూర్తి నియంత్రణ హైపర్‌వైజర్‌దే కావాలి. అతిథి తనకు సొంత యంత్రం ఉన్నదని భావిస్తుంది. నిజానికి దానికి అందేవన్నీ ఆతిథేయి ఇచ్చినవే. డెస్క్‌టాప్‌లకు ఈ సౌకర్యం 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌తో వచ్చింది. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ప్రాసెసర్‌లోనే ఇందుకు ప్రత్యేక ఏర్పాట్లు చేశాయి. కేవీఎం 2007లో లైనక్స్ కెర్నెల్‌లో భాగమైంది.

ప్రాసెసర్ కాలాన్ని ముక్కలు చేసి వంతులవారీగా ఇవ్వవచ్చు. మెమరీని భాగాలుగా పంచవచ్చు. డిస్క్‌కు బదులు ఒక పెద్ద ఫైలును చూపించి ఇదే నీ డిస్క్ అనవచ్చు. బాహ్య పరికరం దగ్గర ఈ ఉపాయాలు చెల్లవు. పరికరం ఒక్కటే, దానికి ఒక సమయంలో ఒక డ్రైవర్ మాత్రమే ఆజ్ఞలివ్వగలదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

3. యూఎస్‌బీ పరికరం తనను తాను పరిచయం చేసుకునే తీరు

అప్పగింతను అర్థం చేసుకోవాలంటే యూఎస్‌బీ పనితీరు కొంత తెలియాలి. 1996లో తొలి ప్రమాణం వెలువడింది. ఇంటెల్ సంస్థలో దీని రూపకల్పనకు కృషి చేసినవారిలో భారతదేశంలో జన్మించిన అజయ్ భట్ ఒకరు. తొలి ప్రమాణంలో వేగం సెకనుకు 12 మెగాబిట్లు. 2000లో వచ్చిన 2.0 ప్రమాణంలో 480 మెగాబిట్లు. 2008లో వచ్చిన 3.0 ప్రమాణంలో 5 గిగాబిట్లు.

యూఎస్‌బీలో సంభాషణను ఎప్పుడూ కంప్యూటరే మొదలుపెడుతుంది. పరికరం అడిగినదానికి మాత్రమే బదులిస్తుంది. పరికరాన్ని అమర్చగానే కంప్యూటర్‌లోని నియంత్రిక దానిని రీసెట్ చేసి, 1 నుండి 127 వరకు ఉన్న సంఖ్యలలో ఒకదానిని చిరునామాగా కేటాయిస్తుంది. తరువాత నీవెవరని అడుగుతుంది. పరికరం తన వివరణ పట్టికను పంపుతుంది. అందులో తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, ఉంటే క్రమసంఖ్య, అది ఏ తరగతికి చెందిన పరికరం అన్న వివరాలుంటాయి. వీటి ఆధారంగా ఆపరేటింగ్ సిస్టమ్ తగిన డ్రైవర్‌ను ఎంచుకుంటుంది. డ్రైవర్ జతపడిన క్షణం నుండి పరికరం ఆ వ్యవస్థ అధీనంలో ఉన్నట్లు లెక్క.

వర్చువల్ మెషీన్ నడుస్తున్నా, నడవకపోయినా ఈ తంతు మొదట ఆతిథేయ వ్యవస్థలోనే జరుగుతుంది. టోకెన్ అతిథికి కనిపించకపోవడానికి మొదటి కారణం ఇదే. అది అప్పటికే ఆతిథేయి చేతిలో ఉంది.

4. అనుసంధానానికి మూడు మార్గాలు

బాహ్య పరికరాల సేవను అతిథికి అందించడానికి మూడు మార్గాలున్నాయి. పరికరాన్ని బట్టి మార్గాన్ని ఎంచుకోవడం ముఖ్యం.

4.1 అనుకరణ: హైపర్‌వైజర్ ఒక ఊహా పరికరాన్ని సృష్టించి అతిథికి చూపుతుంది. కీబోర్డు, మౌస్, నెట్‌వర్క్ కార్డు సాధారణంగా ఈ విధంగానే పనిచేస్తాయి. అసలు కీబోర్డు ఆతిథేయి వద్దే ఉంటుంది. నొక్కిన మీటల సమాచారం మాత్రమే అతిథికి చేరుతుంది.

4.2 సేవను పంచుకోవడం: పరికరం ఆతిథేయి వద్దే ఉండి, దాని ఫలితం మాత్రం అతిథికి అందుతుంది. పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్ళు కావాలంటే పరికరాన్నే అప్పగించనక్కరలేదు. ఆ ఫోల్డర్‌ను ఉమ్మడి ఫోల్డర్‌గా చూపితే చాలు. ప్రింటర్‌ను నెట్‌వర్క్ ప్రింటర్‌గా ఇవ్వవచ్చు. వీఎంవేర్‌లో స్మార్ట్‌కార్డ్ రీడర్‌ను కూడా ఈ పద్ధతిలో ఆతిథేయి, అతిథి ఉమ్మడిగా వాడుకునే వీలుంది. అక్కడ పరికరం చేతులు మారదు. కార్డుకు పంపే ఆజ్ఞలు, అది ఇచ్చే జవాబులు మాత్రమే అటూ ఇటూ ప్రయాణిస్తాయి.

4.3 అప్పగింత: ఆతిథేయి తన డ్రైవర్‌ను తొలగించి పరికరాన్ని అతిథికి పూర్తిగా వదిలివేస్తుంది. వాడుకలో దీనిని పాస్‌త్రూ అంటారు. సొంత డ్రైవర్ కోరే సంతకపు టోకెన్లు, వేలిముద్ర రీడర్లు, పాత స్కానర్లు, ప్రయోగశాల పరికరాలు, మైక్రోకంట్రోలర్ బోర్డులు ఈ మార్గంలోనే పనిచేస్తాయి.

మొదటి రెండు మార్గాలతో పని జరిగే చోట మూడవదానికి వెళ్ళకపోవడం మేలు. పెన్‌డ్రైవ్‌ను అప్పగింత పద్ధతిలో ఇచ్చి, ఫైలు రాస్తుండగా వర్చువల్ మెషీన్‌ను హఠాత్తుగా ఆపివేస్తే ఫైళ్ళు చెడిపోయే అవకాశం ఉంది. ఉమ్మడి ఫోల్డర్ అయితే పెన్‌డ్రైవ్ నిర్వహణ ఆతిథేయి చేతిలోనే సురక్షితంగా ఉంటుంది.

5. అప్పగింత జరిగే క్రమం

అప్పగింత ఐదు దశలలో జరుగుతుంది. మొదటిది గుర్తింపు: తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్యల ఆధారంగా హైపర్‌వైజర్ కోరిన పరికరాన్ని ఎంచుకుంటుంది. రెండవది విడుదల: ఆతిథేయ వ్యవస్థలోని డ్రైవర్‌ను ఆ పరికరం నుండి విడదీసి, ఆ స్థానంలో హైపర్‌వైజర్ తన సొంత డ్రైవర్‌నో, కెర్నెల్ కల్పించిన ప్రత్యేక మార్గాన్నో ఉంచుతుంది. మూడవది ప్రకటన: అతిథికి కనిపించే ఊహా యూఎస్‌బీ నియంత్రికలో కొత్త పరికరం చేరిందన్న సంకేతం వెలువడుతుంది. నాలుగవది పరిచయం: అతిథి ఇప్పుడే పరికరాన్ని అమర్చారని భావించి, రీసెట్, చిరునామా, వివరణ పట్టిక అనే తంతును మళ్ళీ మొదటి నుండి జరుపుతుంది. ఐదవది వినియోగం: అతిథిలోని డ్రైవర్ పంపే ప్రతి అభ్యర్థననూ హైపర్‌వైజర్ అసలు పరికరానికి చేరవేసి, జవాబును తిరిగి అందిస్తుంది.

నాలుగవ దశలో ఒక సూక్ష్మం ఉంది. అతిథి కేటాయించిన చిరునామా అసలు పరికరానికి చేరదు. ఆతిథేయి ఇచ్చిన చిరునామాయే చివరివరకు ఉంటుంది. హైపర్‌వైజర్ రెండు చిరునామాల మధ్య దుబాసీగా వ్యవహరిస్తుంది. పరికరాన్ని అప్పగించిన తరువాత కూడా తుది నియంత్రణ ఆతిథేయి వైపే ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది. పోపెక్, గోల్డ్‌బర్గ్‌లు చెప్పిన నియమం ఇక్కడా భంగపడలేదు. ఆతిథేయి ఏ క్షణంలోనైనా పరికరాన్ని వెనక్కి తీసుకోగలదు. అదే కారణంగా ఆతిథేయిలో హానికర కార్యక్రమం ఉంటే అది ఈ సంభాషణనంతా వినగలదు.

ఆచరణలో వర్చువల్‌బాక్స్‌లోనైతే యంత్రపు అమరికలలోని యూఎస్‌బీ విభాగంలో ఆ పరికరానికి ఫిల్టర్ చేర్చాలి. వీఎంవేర్‌లో తొలగించదగిన పరికరాల జాబితాలో దానిని ఎంచుకొని ఆతిథేయి నుండి విడదీయమని చెప్పాలి. కేవీఎంను నడిపే వర్ట్-మేనేజర్‌లో హార్డ్‌వేర్ చేర్చే చోట యూఎస్‌బీ హోస్ట్ పరికరాన్ని ఎంచుకోవాలి. మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో సాధారణ యూఎస్‌బీ పరికరాల నేరు అప్పగింత లేదు. అక్కడ రిమోట్ డెస్క్‌టాప్ మార్గంలో దారి మళ్ళించడమే ప్రధాన ఉపాయం.

6. డిజిటల్ సంతకపు టోకెన్ ప్రత్యేకత

సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబర్ 17న అమలులోకి వచ్చి, డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించింది. ధ్రువీకరణ అధికారులకు అనుమతులిచ్చే బాధ్యత కేంద్ర ప్రభుత్వం నియమించిన కంట్రోలర్‌ది. అటువంటి అనుమతి పొందిన సంస్థలలో హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్ వద్దనున్న ఐడీఆర్‌బీటీ ఒకటి. రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన ఈ సంస్థ బ్యాంకింగ్ రంగానికి ధ్రువపత్రాలు జారీ చేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లోనే ఎలక్ట్రానిక్ టెండర్ల విధానాన్ని ప్రారంభించి, దేశంలో ఈ మార్గం పట్టిన తొలి రాష్ట్రాలలో ఒకటిగా నిలిచింది. ఆ విధంగా సంతకపు టోకెన్ గుత్తేదారుల చేతికి మిగతా ప్రజలకంటే ముందే చేరింది.

డిజిటల్ సంతకంలో రెండు తాళపుచెవులుంటాయి. బహిరంగ తాళపుచెవి ధ్రువపత్రంలో అందరికీ కనిపిస్తుంది. రహస్య తాళపుచెవి టోకెన్‌లోని చిన్న ప్రాసెసర్‌లో ఉంటుంది. అది బయటికి రాదు. పత్రపు సారాంశాన్ని టోకెన్‌కు పంపితే, టోకెనే లోపల సంతకాన్ని లెక్కించి ఫలితాన్ని మాత్రమే బయటికి పంపుతుంది. ఫిప్స్ 140-2 ప్రమాణపు రెండవ స్థాయికి తగిన హార్డ్‌వేర్‌లోనే రహస్య తాళపుచెవి ఉండాలన్న నియమం వెనుక ఉద్దేశం ఇదే. 2021 జనవరి 1 నుండి రెండవ తరగతి ధ్రువపత్రాల జారీ నిలిచిపోయి, మరింత కఠిన పరిశీలనతో ఇచ్చే మూడవ తరగతివే వాడుకలో ఉన్నాయి.

టోకెన్‌ను వాడే వెబ్‌సైట్లు సాధారణంగా కంప్యూటర్‌లో స్థాపించిన ఒక చిన్న సంతక సేవతో మాట్లాడతాయి. ఆ సేవ టోకెన్ డ్రైవర్‌తో మాట్లాడుతుంది. బ్రౌజర్, సంతక సేవ, డ్రైవర్, టోకెన్ అనే నాలుగూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండాలి. బ్రౌజర్ అతిథిలో, టోకెన్ ఆతిథేయిలో ఉంటే గొలుసు తెగినట్లే.

పాత వెబ్‌సైట్ల వల్ల కూడా వర్చువల్ మెషీన్ అవసరం పెరిగింది. ఒకప్పుడు సంతకం చేయడానికి జావా ఆప్లెట్లు, యాక్టివ్ఎక్స్ భాగాలు వాడేవారు. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ ఆప్లెట్లకు ఆధారమైన ప్లగిన్ పద్ధతిని తొలగించాయి. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విశ్రాంతి పొందింది. పాత పద్ధతిపైనే ఆధారపడిన పని మిగిలి ఉన్నవారు పాత విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో భద్రపరచుకోవడం అప్పటి నుండి సాధారణమైంది.

7. ఆచరణలో ఎదురయ్యే చిక్కులు, వాటి కారణాలు

7.1 ఆతిథేయి వదలకపోవడం: లైనక్స్‌లో స్మార్ట్‌కార్డ్ సేవ టోకెన్‌ను చూడగానే పట్టుకుంటుంది. అప్పుడు అప్పగించబోతే పరికరం వాడుకలో ఉందన్న సందేశం వస్తుంది. ఆతిథేయిలోని ఆ సేవను తాత్కాలికంగా ఆపి, టోకెన్‌ను తీసి మళ్ళీ పెడితే చాలావరకు సరిపోతుంది.

7.2 అనుమతి లేకపోవడం: లైనక్స్‌పై వర్చువల్‌బాక్స్ వాడేవారు వీబాక్స్‌యూజర్స్ అనే సమూహంలో సభ్యులుగా ఉండాలి. సభ్యత్వం చేర్చిన తరువాత ఒకసారి లాగౌట్ అయి తిరిగి ప్రవేశించేదాకా అది వర్తించదు. అంతవరకు పరికరాల జాబితా ఖాళీగానే కనిపిస్తుంది.

7.3 నియంత్రిక పొంతన కుదరకపోవడం: అతిథికి చూపే ఊహా నియంత్రిక ఏ తరానిదో చూసుకోవాలి. విండోస్ 7లో యూఎస్‌బీ 3.0 నియంత్రికకు డ్రైవర్ సహజంగా లేదు. అటువంటి అతిథికి 2.0 నియంత్రికను ఎంచుకోవాలి. విండోస్ 8 నుండి ఆ ఇబ్బంది లేదు. వర్చువల్‌బాక్స్‌లో 2.0, 3.0 నియంత్రికలకు ఒకప్పుడు వేరుగా ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అవసరమయ్యేది. 2022లో వచ్చిన 7.0 వెర్షన్ నుండి అవి మూల కార్యక్రమంలోనే చేరాయి. ఆ ప్యాక్ వ్యక్తిగత వాడకానికి ఉచితమైనా, సంస్థల వాడకానికి లైసెన్సు కొనవలసి ఉంటుంది. పాత సూచనలను అనుసరించి కార్యాలయ యంత్రాలలో దానిని స్థాపించేవారు ఈ తేడా గమనించాలి.

7.4 పరికరం పేరు మార్చుకోవడం: కొన్ని పరికరాలు నడుమ తమ గుర్తింపును మార్చుకుంటాయి. కొన్ని టోకెన్లు మొదట డ్రైవర్ ఉన్న సీడీగా కనిపించి, ఆ తరువాత టోకెన్‌గా మారుతాయి. ఆర్డ్యునో లియోనార్డో బోర్డు కార్యక్రమాన్ని ఎక్కించుకునే సమయంలో ఒక ఉత్పత్తి సంఖ్యతోనూ, నడిచేటప్పుడు మరొక ఉత్పత్తి సంఖ్యతోనూ కనిపిస్తుంది. సంఖ్య మారిన క్షణంలో పాత పరికరం పోయి కొత్తది వచ్చిందని ఆతిథేయి భావించి తానే పట్టుకుంటుంది. రెండు గుర్తింపులకూ వేరువేరు ఫిల్టర్లు చేర్చడమే దీనికి పరిష్కారం. ఇంజనీరింగ్ విద్యార్థులకు సగంలో ఆగిపోయే ప్రోగ్రామింగ్‌కు తరచుగా ఇదే కారణం.

7.5 డ్రైవర్ జాతి భేదం: ఆపిల్ 2020 నుండి తన కంప్యూటర్లలో ఆర్మ్ ప్రాసెసర్లను వాడుతోంది. వాటిపై వర్చువల్ మెషీన్‌గా వేగంగా నడిచేది ఆర్మ్ విండోస్. అది పాత ఇంటెల్ కార్యక్రమాలను అనువదించి నడపగలదు గాని, కెర్నెల్‌లో నడిచే డ్రైవర్లను అనువదించలేదు. ఆర్మ్ కోసం తయారైన డ్రైవర్ లేకపోతే, పరికరం అతిథికి సక్రమంగా చేరినా నిరుపయోగంగానే ఉంటుంది. విండోస్‌లోనే సహజంగా ఉండే స్మార్ట్‌కార్డ్ డ్రైవర్‌తో పనిచేసే టోకెన్లకు ఈ ఇబ్బంది తక్కువ. మ్యాక్ కొనేముందు టోకెన్ తయారీదారును అడిగి తెలుసుకోవలసిన మొదటి విషయం ఇది.

7.6 రిమోట్ డెస్క్‌టాప్ అడ్డు: అతిథి విండోస్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ప్రవేశిస్తే, ఆ అతిథికి అమర్చిన స్మార్ట్‌కార్డులు కనిపించవు, ఎక్కడి నుండి ప్రవేశించారో ఆ కంప్యూటర్‌కు అమర్చినవే కనిపిస్తాయి. ఇది విండోస్ రూపకల్పనలోనే ఉన్న నియమం. హైపర్‌వైజర్ సొంత తెర నుండి ప్రవేశిస్తే టోకెన్ మళ్ళీ కనిపిస్తుంది.

7.7 కాలనియమం తప్పడం: కెమెరా, మైక్రోఫోన్ వంటివి నిర్ణీత వ్యవధిలో నిరంతరంగా సమాచారం పంపుతాయి. హైపర్‌వైజర్ నడుమ నిలిచి చేరవేసే పద్ధతిలో ఆ లయ తప్పి, బొమ్మ ఆగడం, ధ్వని తెగడం జరుగుతుంది. టోకెన్, వేలిముద్ర రీడర్, స్కానర్ వంటివి కొంత ఆలస్యాన్ని సహిస్తాయి గనుక వాటికి ఈ బాధ తక్కువ.

ఈ ఏడింటిలో ఎక్కువ భాగాన్ని ఒకే ప్రశ్నతో విడదీయవచ్చు: ఈ క్షణంలో పరికరం ఎవరి చేతిలో ఉంది? మొదట ఆతిథేయిలోని పరికరాల జాబితా, తరువాత హైపర్‌వైజర్ జాబితా, చివరికి అతిథిలోని డివైస్ మేనేజర్ చూడాలి. ఈ వరుసలో ఎక్కడ పరికరం అదృశ్యమైందో అక్కడే దోషం ఉంది. మూడింటిలోనూ సరిగా ఉండి పని జరగకపోతే దోషం డ్రైవర్‌దో, సంతక సేవదో అవుతుంది.

8. స్నాప్‌షాట్‌కు లోబడని వస్తువు

వర్చువల్ మెషీన్‌కు ఉన్న గొప్ప సౌలభ్యం స్నాప్‌షాట్. ఒక క్షణంలోని స్థితిని భద్రపరచి, తరువాత ఏ పొరపాటు జరిగినా ఆ క్షణానికి తిరిగి వెళ్ళవచ్చు. అతిథికి సంబంధించినంతవరకు కాలం వెనక్కి నడుస్తుంది. బాహ్య పరికరానికి ఇది వర్తించదు. అది యంత్రం వెలుపల ఉన్న వస్తువు. దాని కాలం ముందుకే నడుస్తుంది.

టోకెన్ విషయంలో ఈ తేడా తీవ్రమైనది. రహస్య సంఖ్యను వరుసగా కొన్నిసార్లు తప్పుగా ఇస్తే టోకెన్ తాళం పడుతుంది. ఆ తప్పుల లెక్క టోకెన్‌లోనే ఉంటుంది. వర్చువల్ మెషీన్‌ను వెనక్కి తిప్పితే అతిథి ఆ తప్పులను మరచిపోతుంది గాని, టోకెన్ మరువదు. అతిథిలో ప్రయోగంగా టోకెన్‌ను ఫార్మాట్ చేసి, ఆ తరువాత స్నాప్‌షాట్‌కు తిరిగి వెళితే అందులోని తాళపుచెవి తిరిగిరాదు. కొత్త ధ్రువపత్రం తీసుకోవలసిందే. స్కానర్‌కో, బోర్డుకో అతిథి నుండి ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం.

మరొక ప్రమాదం దీనికి ఎదురు దిశలో ఉంది. నడుస్తున్న యంత్రపు స్నాప్‌షాట్‌లో మెమరీ ప్రతి కూడా డిస్క్‌పై ఫైలుగా నిలుస్తుంది. రహస్య తాళపుచెవి టోకెన్ దాటి రాదు కనుక అందులో ఉండదు. కానీ యజమాని అప్పుడే టైపు చేసిన రహస్య సంఖ్య మెమరీలో మిగిలి ఉంటే, అది కూడా ఫైలులోకి చేరుతుంది. ఆ ఫైలును బ్యాకప్‌గా మరొక చోటికి పంపితే, దానితో పాటు రహస్య సంఖ్య కూడా ప్రయాణించవచ్చు. టోకెన్‌ను తీసి, అతిథిని పూర్తిగా ఆపిన తరువాతే స్నాప్‌షాట్ తీసుకోవడం మంచి అలవాటు.

9. నియంత్రణ: యంత్రపరంగా, చట్టపరంగా

సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షన్ ధ్రువపత్రం పొందిన వ్యక్తిపై ఒక బాధ్యత పెట్టింది. తన రహస్య తాళపుచెవిపై నియంత్రణను నిలుపుకోవడానికి ఆ వ్యక్తి సముచితమైన శ్రద్ధ వహించాలి. అది ఇతరులపాలైతే ఆలస్యం చేయకుండా ధ్రువీకరణ అధికారికి తెలియజేయాలి. హైపర్‌వైజర్ దృష్టిలో అప్పగింత అంటే నియంత్రణ బదిలీయే. చట్టం వాడిన మాట కూడా నియంత్రణే. రెండూ కలిసే చోటు పరిశీలించదగినది.

టోకెన్ భద్రత రెండింటిపై ఆధారపడింది: చేతిలో ఉన్న వస్తువు, మనసులో ఉన్న సంఖ్య. టోకెన్‌ను ఎప్పుడూ యూఎస్‌బీకే వదిలివేసి, పెట్టగానే అతిథికి చేరేలా ఫిల్టర్ ఉంచి, సంఖ్యను గుర్తుంచుకోమని కార్యక్రమానికి చెబితే రెండు రక్షణలూ తొలగినట్లే. అప్పుడు అతిథిలో చొరబడిన హానికర కార్యక్రమం రహస్య తాళపుచెవిని దొంగిలించనవసరం లేదు. యజమాని లేని వేళ సంతకం చేయమని టోకెన్‌ను అడిగితే చాలు. మద్దతు ముగిసిన పాత విండోస్‌ను అతిథిగా నడిపేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న సాధారణ మద్దతు ముగిసింది.

పన్ను సలహాదారుల కార్యాలయాలలో ఖాతాదారుల టోకెన్లు ఒకే సొరుగులో ఉండటం అరుదు కాదు. అక్కడ ఫిల్టర్ విషయంలో మరొక చిక్కుంది. తయారీదారు, ఉత్పత్తి సంఖ్యలతో మాత్రమే ఫిల్టర్ రాస్తే, అదే రకానికి చెందిన టోకెన్ ఎవరిదైనా సరే అతిథికి చేరిపోతుంది. యూఎస్‌బీ క్రమసంఖ్య ఉన్న పరికరమైతే దానినీ ఫిల్టర్‌లో చేర్చవచ్చు. లేకపోతే ఫిల్టర్‌ను తీసివేసి, ప్రతిసారీ చేతితో అప్పగించడమే క్షేమం. ఒక క్లిక్ ఎక్కువైనా, ఎవరి సంతకం ఏ యంత్రానికి వెళుతోందో ఒకరు చూసి నిర్ణయించినట్లవుతుంది.

నెట్‌వర్క్ మీదుగా అప్పగించే పద్ధతి ఈ ప్రశ్నను ఇంకా తీవ్రం చేస్తుంది. యూఎస్‌బీ/ఐపీ అనే విధానం 2014 నుండి లైనక్స్ కెర్నెల్‌లో స్థిరపడింది. విండోస్‌లో లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్‌కు పరికరాలను చేర్చేదీ ఇదే. దీనితో తెల్లాపూర్‌లోని బల్లపై ఉన్న టోకెన్‌ను మరొక నగరంలోని వర్చువల్ మెషీన్‌కు చేర్చవచ్చు. కానీ ఆ విధానంలో సహజంగా సంకేతీకరణ లేదు. వీపీఎన్ వంటి రక్షిత మార్గం లేకుండా బహిరంగ నెట్‌వర్క్‌పై దానిని వాడటం, సంతకపు కలాన్ని దారిన పోయేవారి చేతికివ్వడంతో సమానం.

వర్చువల్ మెషీన్ రక్షణ కవచంగా కూడా పనికొస్తుందన్న మాట నిజమే. 2014లో కార్‌స్టెన్ నోల్, జాకోబ్ లెల్ యూఎస్‌బీ పరికరం తన ఫర్మ్‌వేర్ ద్వారా కీబోర్డుగా నటించి కంప్యూటర్‌ను మోసగించగలదని చూపారు. అనుమానాస్పద పరికరాన్ని అతిథికి అప్పగిస్తే నష్టం అతిథికే పరిమితమవుతుందని పలువురు భావిస్తారు. మూడవ భాగంలో చూసినట్లు, పరికరం మొదట పరిచయం చేసుకునేది ఆతిథేయికే. అప్పగింత జరిగేలోపు మోసానికి అవకాశం ఉండనే ఉంది. యూఎస్‌బీ నియంత్రికనే మొత్తంగా ఒక ప్రత్యేక అతిథికి కేటాయించే క్యూబ్స్ వంటి వ్యవస్థలు ఈ లోపాన్ని పూరించడానికి ప్రయత్నించాయి. సాధారణ డెస్క్‌టాప్‌లో ఆ స్థాయి రక్షణ లేదు.

10. ముగింపు

బాహ్య పరికరాన్ని వర్చువల్ మెషీన్‌కు చేర్చడం చూడటానికి తీగ కలపడం వంటి పని. లోపల జరిగేది అధికార బదిలీ. ఆతిథేయి పరికరాన్ని వదలాలి, హైపర్‌వైజర్ మోసుకుపోవాలి, అతిథి స్వీకరించాలి. ఈ మూడింటిలో ఏది జరగకపోయినా పరికరం కనిపించదు. మూడూ జరిగిన తరువాత ఆ పరికరం అతిథి చెప్పినట్లు నడుస్తుంది. కానీ దాని స్థితి స్నాప్‌షాట్‌లో ఇమడదు, తుది నియంత్రణ ఆతిథేయిని దాటిపోదు.

టెండరు వేసే గుత్తేదారుకు, పత్రాలు దాఖలు చేసే పన్ను సలహాదారుకు పై వివరణ నుండి కొన్ని నియమాలు ఏర్పడతాయి. గడువు రోజున కాక, కొన్ని రోజుల ముందే అతిథిలో ఒకసారి సంతకం చేసి చూసుకోవాలి. సంతకం ముగియగానే టోకెన్‌ను తీసివేయాలి. అతిథిని సంతకపు పనికే కేటాయించి, అందులో ఇతర వెబ్‌సైట్లు తెరవకుండా ఉండాలి. ఆతిథేయి భద్రతను అతిథి భద్రతతో సమానంగా చూడాలి. ప్రతి అప్పగింతనూ యజమాని తెలిసి చేయాలి. ఈ జాగ్రత్తలు పాటిస్తే ఒకే బల్లపై ఉన్న ఒకే యంత్రం రెండు వృత్తులకూ చాలుతుంది; సంతకం మాత్రం చేసినవారి అధీనంలోనే ఉంటుంది.